పదిహేడో బెల్టు

మెడ పట్టేసింది. పొద్దున తొమ్మిదింటి నుంచి తల పైకెత్తి చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు పన్నెండు దాటి ఉండాలి. గడియారం ఎడమచేతికి ఉంది కానీ దాని మీదికి స్వెట్టరు దిగిపోయింది, జరుపుకుందామంటే కుడిచెయ్యి తాడు వదలకూడదు. కుడిచెయ్యి తాడు వదలకూడదన్నది ఈ పనిలో మొదటి సూత్రం, చివరి సూత్రమూ అదే, మధ్యలో ఉన్నవన్నీ దానికి వ్యాఖ్యానాలు. ముక్కు దురద పెడితే ఎడమచేత్తో గోక్కోవాలి, ఈగ వాలితే ఊదుకోవాలి. పదహారు మంది ఎక్కారు, దిగారు. పదిహేడో ఆవిడ ఇప్పుడు బండ మీద ఉంది. ఇంకా ఆరుగురు రేకుల షెడ్డు కింద కూర్చుని తమ వంతు కోసం చూస్తున్నారు. తాడు ఒక కొస ఆవిడ నడుము బెల్టుకి, అక్కడ్నుంచి పైకి వెళ్ళి యాభై అడుగుల ఎత్తున బండ తలమీద మా సీనియరు గైడు నేగీ బిగించిన కొక్కెంలోంచి దూరి, మళ్ళీ కిందికి నా నడుముకి. ఆవిడ ఒక అడుగు పైకి వేస్తే నేను అంత తాడు లాక్కోవాలి, ఆవిడ జారితే నేను ఆపాలి. ఇంతే ఉద్యోగం. ఉద్యోగం అనకూడదేమో. శని ఆదివారాల్లో ఢిల్లీ నుంచి సోహ్నా దాటి ఈ రాళ్ళ మధ్యకి వచ్చి, ఎప్పుడూ రాయి ఎక్కనివాళ్ళని ఎక్కించి దింపడం, మిగతా అయిదు రోజులు ఓల్డ్ రాజిందర్ నగర్ గదిలో పడుకుని గోడకి అంటించిన ప్రపంచ పటం కేసి చూడడం. దీనికి ఇంకా పేరు పెట్టుకోలేదు.

ఈవేళ వచ్చింది ఒక మంత్రిత్వ శాఖ వాళ్ళు. ఏ శాఖో పొద్దున చెప్పారు, మర్చిపోయాను, ఏడేళ్ళపాటు అన్ని శాఖల పేర్లూ వాటి కింది విభాగాలతో సహా కంఠతా పట్టినవాణ్ణి, ఇప్పుడు ఒక్కటీ బుర్రలో నిలవడం లేదు. ఆఫీసు రిక్రియేషన్ క్లబ్బు తరఫున ఇరవై ముగ్గురు, ఎక్కువమంది ఆడవాళ్ళే, సెక్షన్ ఆఫీసర్లు, అసిస్టెంట్లు, స్టెనోలు. వాళ్ళ పెద్ద గుప్తాజీ హాజరు పట్టీ తెచ్చాడు, ఎక్కే ముందు ఒక సంతకం, దిగాక ఒక సంతకం. నేను ఎప్పటిలాగే బండ ముందు నిలబడి హిందీలో పాఠం అప్పజెప్పాను. ఉంగరాలు తీసేయండి, రాతి సందులో ఉంగరం ఇరుక్కుంటే వేలు కూడా అక్కడే ఉండిపోతుంది. గాజులు తీసేయండి, చున్నీలు ఇక్కడ పెట్టండి, మంగళసూత్రాలు లోపలికి వేసుకోండి, జుట్టు ముడి పెట్టుకోండి. గుండె జబ్బు, బీపీ, మూర్ఛ, ఆయాసం ఉన్నవాళ్ళు ఇప్పుడే చెప్పండి, ఇక్కడ దాచి పైకెళ్ళాక చెప్తే లాభం లేదు. కడుపునిండా తిని ఎక్కకండి. అది విన్న తర్వాతే పూరీల డబ్బాలు తెరిచారు, మన జనం సంగతి తెలిసిందే కదా. ఇక బెల్టు. నడుముకి పట్టీ చుట్టి బకిల్‌లోంచి దూర్చి లాగితే బిగిసినట్టే ఉంటుంది. అలా ఉండడమే ప్రమాదం. ఆ కొసని మళ్ళీ వెనక్కి మడిచి అదే బకిల్‌లోంచి రెండోసారి దూర్చాలి. ఒక్కసారే దూర్చిన పట్టీ నిలబడి ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, బరువు పడితే కొంచెం కొంచెం జారుతుంది, తర్వాత ఒక్కసారిగా వదిలేస్తుంది. అందుకని ముడి, కొక్కెం తాళం, బెల్టు, ఈ మూడూ నా చేత్తో పట్టి లాగి చూడకుండా ఎవరినీ బండ మీదికి పంపను, ఎవరూ ఏమీ అనుకోకండి అని చెప్పాను. ఒక స్టెనో లేచి ఇదంతా రాతపూర్వకంగా ఇస్తారా అని అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పదిహేడో ఆవిడ ఆగిపోయింది. పదిహేను అడుగుల దగ్గర ఎడమకాలికి చోటు దొరక్క బూటు ముందు భాగంతో బండని తడుముతోంది. అన్నపూర్ణేశ్వరి గారు. యాభై దాటాయి, సెక్షన్ ఆఫీసరు, తెలుగావిడ. ఎడమవైపు మోకాలంత ఎత్తులో ఒక గుంట ఉందండీ, చూడండి, అని అరిచాను. చూసింది, దొరికింది, ఎక్కింది. తాడు లాక్కున్నాను. వేళ్ళ చర్మం ఎప్పుడో మొద్దుబారింది, మణికట్టు మాత్రం ఇంకా తనకి ప్రాణముందని గుర్తు చేస్తూ ఉంటుంది. పదకొండింటికి నేగీ పైనుంచి కేకేశాడు, నువ్వు పైకి రా, కాసేపు కింద నేను చూసుకుంటానని. ఉత్తరకాశీ మనిషి, పాతికేళ్ళుగా ఇదే పని. వద్దన్నాను. అలసిపోయానని ఒప్పుకోవడం నాకు చేతకాదు. అదే చేతనైతే సివిల్స్ రెండో అటెంప్టు పోగానే మా ఊరు ఆదోనికి రైలెక్కేవాణ్ణి.

అసలు ఈ తాడు నా చేతికి ఎలా వచ్చిందో తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. మెయిన్స్ దరఖాస్తులో అభిరుచులు అని ఒక గడి ఉంటుంది. కోచింగ్‌లో ఒక సారు అన్నాడు, పుస్తక పఠనం, నడక అని రాసేవాళ్ళు వేలమంది, ఇంటర్వ్యూ బోర్డు వాళ్ళకి గుర్తుండేది ఏదైనా రాయండయ్యా అని. పర్వతారోహణ అని రాశాను. అప్పటికి నేను ఎక్కిన ఎత్తయిన చోటు మూడో అంతస్తులో ఉన్న నా గది. ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన ఎంతో ప్రేమగా, అయితే నడుముకి తాడు కట్టుకునేటప్పుడు ఏ ముడి వేస్తావు బాబూ, వేసి చూపించు అని టేబుల్ మీదున్న ఫైలు తాడు ఇచ్చాడు. ఆ తాడు చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. పద్దెనిమిది మార్కుల తేడాలో పోయింది. ఇంకొకడయితే అభిరుచి మార్చుకునేవాడు. నేను పంతానికి పోయి ఉత్తరకాశీలో ఇరవై ఎనిమిది రోజుల కోర్సు చేశాను, చలికి చెవులు పగిలాయి, అన్ని ముళ్ళూ నేర్చుకున్నాను, కళ్ళు మూసుకుని వేస్తాను ఇప్పుడు. ఆ తర్వాత రెండుసార్లు రాశాను, రెండుసార్లూ ప్రిలిమ్స్ దాటలేదు. ముళ్ళన్నీ వచ్చాక అడిగేవాళ్ళు లేకపోయారు. ఈ ఆగస్టులో వచ్చిన లిస్టు నాకు ఆఖరిది, నాలుగు అటెంప్టులూ అయిపోయాయి, ముప్ఫై నిండాయి. ఇంట్లో చెప్పలేదు. నాన్న ఫోన్ చేసినప్పుడల్లా ప్రిపరేషన్ ఎలా ఉంది అంటారు, బాగుంది నాన్నా అంటాను. ఇది డిసెంబరు. నాలుగు నెలలుగా బాగుంది.

"బాబూ, ఇప్పుడెటు?" పైనుంచి ఆవిడ గొంతు. పాతిక అడుగుల దగ్గర పాదాలు రెండూ పట్టేంత అంచు ఉంది, దాని మీదికి చేరింది. అక్కడ అందరూ ఒక నిమిషం ఊపిరి పీల్చుకుంటారు. కాసేపు ఆగండమ్మా, తొందరేం లేదు అన్నాను. ఆవిడ నుదురు బండకి ఆనించి నిలబడింది. ముదురు గోధుమరంగు స్వెట్టరు, చేత్తో అల్లిందే, తుంటి కిందిదాకా దిగి ఉంది. తాడు ఆ స్వెట్టరు కిందనుంచే పైకి వస్తోంది. బెల్టు కనిపించడం లేదు.

బెల్టు కనిపించడం లేదు. ఎక్కే ముందూ కనిపించలేదు కదా.

ఉండు, ఉండు. ఒక్కొక్కటీ గుర్తు చేసుకో. ముడి నేనే వేశాను. ఎనిమిది ఆకారం వచ్చాక రెండో కొసని దాని పక్కనే నడిపిస్తూ ఒకటి, రెండు, మూడు అని లెక్క పెట్టుకోవడం నాకు అలవాటు, తెలుగులోనే. మనసులో అనుకున్నాననుకున్నాను, పైకే అన్నట్టున్నాను. "ఓరి నాయనో, తెలుగబ్బాయివా!" అంది ఆవిడ. ఆ మొహం ఎంత వెలిగిందో. తాళం తిప్పాను, కొక్కెం గట్టిగా నొక్కి చూశాను, అది తెరుచుకోలేదు, గుర్తుంది. ఆ తర్వాత బెల్టు. ఆ తర్వాత ఏ ఊరు బాబూ అంది. ఆదోని అండీ, కర్నూలు జిల్లా అన్నాను. "ఆదోనా! మా పెద్దాడపడుచు వాళ్ళాయన అక్కడ రైల్వేలో చేశారులే. మాది తణుకు. ఢిల్లీ వచ్చి ఇరవై ఆరేళ్ళయింది, జనక్‌పురిలో ఉంటాం. ఇదేనా నీ పని? చూస్తే చదువుకున్నవాడిలా ఉన్నావే?" అంది. ఢిల్లీలో ఇద్దరు తెలుగువాళ్ళు ఎదురుపడితే ముందు ఊరు, తర్వాత జిల్లా, తర్వాత ఎవరి తాలూకు, అన్నీ తేలేదాకా లోకంలో మిగతా పనులన్నీ ఆగాల్సిందే. సివిల్స్ రాస్తున్నానండీ, ఇది ఊరికే శని ఆదివారాలు అన్నాను. రాస్తున్నాను అన్నాను. "అదీ సంగతి! కాబోయే కలెక్టరు గారి చేత తాడు పట్టిస్తున్నానన్నమాట! పై ఆదివారం మా ఇంటికి రావాల్సిందే, పప్పుచారూ వంకాయ కూరా పెడతాను. ఆంధ్రా భవన్‌లో లైన్లో నిలబడి తినే ఖర్మ నీకేంటి?" అంది. నేను తల వంచుకుని నవ్వాను. అబద్ధం చెప్పి తల వంచుకున్నాను, తల వంచుకున్నప్పుడైనా ఆ బెల్టు కేసి చూసి ఉండాల్సింది.

చెయ్యి వెళ్ళింది. అది గుర్తుంది. చెయ్యి స్వెట్టరు దాకా వెళ్ళి ఆగింది. పొద్దుట్నుంచి పదహారు మందిలో పదిమంది ఆడవాళ్ళు, ప్రతివాళ్ళతోనూ మేడం, ఎక్స్‌క్యూజ్ మీ, కుర్తా థోడా ఊపర్ అన్నాను, బెల్టు పట్టి లాగాను, వాళ్ళూ ఏమీ అనుకోలేదు, నేనూ ఏమీ అనుకోలేదు. ఆ మాట నాకు హిందీలో ఉంది. తెలుగులో లేదు. అమ్మా, కాస్త స్వెట్టరు పైకెత్తండి అని మా అమ్మ వయసావిడతో, పప్పుచారు పెడతానన్న మనిషితో ఎలా అనాలో నాకు తెలియలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. బెల్టు బాగా బిగించుకున్నారు కదండీ అని అడిగాను. "ఆఁ, బిగించుకున్నాను, ఊపిరాడ్డం లేదు" అంది. అది చాలనుకున్నాను. పోనీ చాలనుకోను కూడా లేదు, అసలు అనుకోనేలేదు, సరే ఎక్కండి అన్నాను.

షెడ్డు కింద వాళ్ళే ఒకరికొకరు బెల్టులు కట్టుకున్నారు, నేను చూపించినట్టే కట్టుకున్నారు, కానీ పదహారు మందిలో నలుగురు ఒక్కసారే దూర్చుకుని వచ్చారు పొద్దున్నుంచి. నేను లాగి చూసి సరిచేశాను. నలుగురు. అంటే ఈవిడది సరిగ్గా ఉండడానికే అవకాశం ఎక్కువ. నాలుగింట మూడు. ఏడేళ్ళు ఇదే లెక్క వేసుకున్నాను, ఈ ప్రశ్నకి జవాబు రెండోదో మూడోదో, గుడ్డిగా ఒకటి పెట్టేస్తే ఎన్ని సరైపోతాయి అని. అక్కడ తప్పితే మార్కు పోయేది. ఇక్కడ తప్పితే పాతిక అడుగుల కింద రాళ్ళున్నాయి, ఈవిడ వాటి మీద పడుతుంది, నేను తాడు ఎంత గట్టిగా పట్టుకున్నా లాభం ఉండదు, తాడు నా చేతిలో భద్రంగా ఉంటుంది, బెల్టు తాడుకి భద్రంగా ఉంటుంది, ఆవిడ మాత్రం అందులో ఉండదు. ఇది భయమే. వేరే పేరు ఎందుకు.

మెల్లగా దింపేస్తే? దింపడమంటే ఆవిడ బరువంతా బెల్టు మీద పడడమే. ఎక్కించేస్తే? ఇంకా పాతిక అడుగులుంది, అందులో పైభాగం కష్టం, అక్కడ పొద్దున్నుంచి జారనివాళ్ళు ఇద్దరే. తనే చూసుకోమంటే? ఆ అంచు మీద రెండు చేతులూ వదిలేసి స్వెట్టరు ఎత్తి చూసుకోమని చెప్పాలి, నాకే చేతకాదది. ఇక మిగిలింది ఒక్కటే. నేగీ పైనుంచి ఇంకో తాడు మీద దిగి చూడాలి. నేగీని పిలవాలంటే ఎందుకో చెప్పాలి. హిందీలో చెప్పాలి, కేక పెట్టి చెప్పాలి, షెడ్డు కింద అందరూ వింటారు, గుప్తాజీ వింటాడు, రెండేళ్ళుగా ఎక్కించినవాళ్ళెవరికీ చిన్న గీత పడనివ్వలేదన్న పేరు ఒక్క వాక్యంతో పోతుంది. సరిగ్గానే ఉండి ఉంటుంది అని ఒక మనసు. ఇంత ఆలోచిస్తున్నావేంట్రా, ఆవిడ కాలు జారితే అని ఇంకో మనసు. బండ మీద ఆవిడ కుడికాలు మెల్లగా ఎత్తుతోంది, మళ్ళీ ఎక్కడానికి.

"అమ్మా! ఆగండి! అట్లే నిలబడండి, యాడికీ కదలద్దండి!"

ఆవిడ కాలు దించింది. "ఏమైంది బాబూ?"

"ఏం లేదమ్మా. రెండు చేతుల్తో పట్టుకోండి. ఎదురుగా గుంటలుండాయి కదా, వాటిల్లో వేళ్ళు పెట్టి గట్టిగా పట్టుకోండి. తాడు మీద కూర్చోవద్దండి. కాళ్ళ మీదే నిలబడండి."

"పట్టుకున్నాను. ఏమైంది?"

"మీ బెల్టు నేను చూడ్లేదమ్మా. ఎక్కేముందు లాగి చూడాల్సింది. మాటల్లో పడి చూడ్లేదు. సరిగ్గానే ఉండొచ్చు, కానీ నేను చూడ్లేదు."

నేను తల ఇంకా పైకెత్తి, గొంతులో ఉన్నదంతా పెట్టి, "నేగీజీ! మైనే ఇన్‌కా బెల్ట్ చెక్ నహీఁ కియా! నీచే ఆయియే!" అని అరిచాను. చెప్పేశాను. షెడ్డు కింద మాటలు ఆగిపోయాయి. నేగీ తల బండ అంచు మీదనుంచి కనిపించింది, నా మొహం చూశాడు, ఆవిణ్ణి చూశాడు, ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా వెనక్కి జరిగాడు. గుప్తాజీ హాజరు పట్టీ పట్టుకుని నా వెనక నిలబడి, చెక్ చెయ్యలేదంటే ఏమిటండీ, పొద్దున మీరేగా చెప్పింది అంటున్నాడు. తాడు ఇప్పుడు వదులుగా ఉండకూడదు, బిగువుగా ఉండకూడదు, ఆవిడ ఉందో లేదో తెలియాలి, కానీ లాగకూడదు. ప్రాణమంతా నాలుగు వేళ్ళ దగ్గరికి వచ్చి కూర్చుంది. పొద్దుట్నుంచీ ఇలా పట్టుకుని ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. అలసట ఎటుపోయిందో తెలియదు, ఉంది, కానీ ఎవరిదో అలసటలా పక్కన నిలబడి ఉంది.

పైన నేగీ తన తాడు కట్టుకుంటున్నాడు. తొందరలో కూడా మూడూ చూసుకుంటాడు, నాకు తెలుసు, ముడి పట్టి లాగుతాడు, తాళం నొక్కుతాడు, బెల్టు లాగుతాడు. ఆ ఆలస్యం నాకిప్పుడు భరించలేనంతగా ఉంది, అది నేను చెయ్యనందుకే ఈ ఆలస్యం.

"బాబూ." అంది ఆవిడ. "ఎంతసేపట్లో వస్తాడు?"

"మూడు నిమిషాలమ్మా. నాలుగు."

"నా మోకాలు ఆగడం లేదు. కుట్టుమిషను తొక్కినట్టు ఆడిపోతోంది."

"మడమ కిందికి దించండి. వేళ్ళ మీద నిలబడద్దు, మడమ దించితే తగ్గుతాది. మీ వంటింట్లో స్టూలెక్కి అటక మీద డబ్బా తీస్తాండారు అనుకోండి."

"మా క్వార్టర్సులో అటక లేదు." ఒక్క క్షణం ఆగి, "మాట్లాడు బాబూ. ఏదో ఒకటి మాట్లాడు. ఊరుకుంటే కిందికి చూడాలనిపిస్తోంది," అంది.

ఏం మాట్లాడను. ఊరి గురించి అడగొచ్చు, తణుకు గురించి, ఆడపడుచు గురించి. "నీ పరీక్ష ఎప్పుడు?" అని ఆవిడే అడిగింది, నుదురు బండకి ఆనించి, బండతో మాట్లాడుతున్నట్టు.

"లేదండీ. అయిపోయినాయి. నాలుగుసార్లు రాసినా. వయసు కూడా దాటిపోయింది. ఇందాక మీకు అబద్ధం చెప్పినా."

పైన నేగీ కాళ్ళు అంచు దాటి కిందికి వచ్చాయి, బూట్ల కింద చిన్న రాళ్ళు రాలాయి. "తల పైకెత్తద్దమ్మా, హెల్మెట్టుంది, ఏం కాదు," అన్నాను.

"ఇంట్లో తెలుసా?"

"తెలీదండీ."

"ఎన్నాళ్ళయింది?"

"నాలుగు నెల్లు."

"ఇవి రెండూ నన్నిక్కడ నిలబెట్టే చెప్పాలా నాయనా నాకు?" అంది. ఏడుపో నవ్వో తెలియని గొంతు. నాకూ అదే వచ్చింది. ఎవరికీ చెప్పని మాట పాతిక అడుగుల పైకి అరిచి చెప్పాను, వెనక నిలబడ్డ వాళ్ళలో ఒక్కరికీ అర్థం కాలేదు, ఆవిడకి అర్థమైంది, అంత దూరం నుంచి నాకు ఎంత దగ్గరగా అనిపించిందో. ఆవిడ అక్కడ చావు కేసి చూస్తూ నిలబడి ఉంటే నాకు ఇక్కడ తేలిగ్గా ఉంది. సిగ్గేసింది దానికి. తేలిక మాత్రం తగ్గలేదు.

నేగీ ఆవిడ పక్కకి చేరాడు. ముందు తన దగ్గరున్న ఇంకో పట్టీని ఆవిడ భుజాల మీదుగా, చంకల కిందుగా తిప్పి తన తాడుకి తగిలించాడు. అది బిగిశాక ఆవిడతో ఏదో అన్నాడు, ఆవిడ తల ఊపింది. స్వెట్టరు పైకి జరిపాడు. కిందనుంచి నాకు బెల్టు కనిపించదు, నేగీ చేతులే కనిపిస్తాయి. సరిగ్గా ఉంటే ఒక్క చెయ్యి చాలు. పట్టుకుంటాడు, ఒకసారి లాగుతాడు, బొటనవేలు చూపిస్తాడు. నేను ఆ బొటనవేలు కోసం చూశాను. దేవుడికి మొక్కలేదు, ఆగస్టులోనే ఆ అలవాటు మానేశాను, అయినా ఎవరినో బతిమాలుకున్నాను. నేగీ రెండో చెయ్యి కూడా నడుము దగ్గరికి వెళ్ళింది. రెండు చేతులూ అక్కడే ఉన్నాయి. వంగి చూస్తున్నాడు, ఏదో తీస్తున్నాడు, దూరుస్తున్నాడు, మోచేతులు కదులుతున్నాయి. చాలాసేపు కదిలాయి. నా వెనక గుప్తాజీకి దాని అర్థం తెలియదు. నాకు తెలుసు.

"ఉతారో," దించమన్నాడు నేగీ చివరికి, మామూలు గొంతుతో.

అప్పుడు ఆవిడ బరువు మొదటిసారి తాడు మీదికి వచ్చింది. అరవై కిలోలుంటుందేమో. నడుము దగ్గర నన్ను ముందుకి లాగింది, పాదాలు రాతికి తన్నిపెట్టి నిలబడ్డాను. పాతిక అడుగులు దింపడానికి అంతకు ముందెప్పుడూ అంత సమయం తీసుకోలేదు. జానెడు జానెడు వదిలాను. నేగీ పక్కనే దిగుతూ ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. కాళ్ళు నేలకి ఆనగానే ఆవిడ నిలబడలేదు, కూర్చుండిపోయింది, ఆఫీసు ఆడవాళ్ళందరూ చుట్టూ మూగారు, ఒకరు నీళ్ళు పట్టారు, ఒకరు పాదాలు రుద్దారు. గుప్తాజీ హాజరు పట్టీ ముందుకి చాపాడు, దిగినట్టు సంతకం కోసం. ఆవిడ పెట్టింది కూడా.

నేగీ వచ్చి నా నడుము నుంచి కొక్కెం తానే విప్పాడు. తాడు నా చేతిలోంచి తీసుకుని తన చేతిలో పెట్టుకున్నాడు. తిట్టలేదు. ఒక్కసారే దూర్చి ఉందా అని అడిగాను, అవునన్నట్టు తల ఊపాడు. కొస నాలుగు వేళ్ళే మిగిలిందన్నాడు. ఇవాళ్టికి నువ్వు చాలించు, వెళ్ళి కూర్చో అన్నాడు. రేపటి సంగతి, వచ్చే వారం సంగతి ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. అడిగితే ఏం చెప్తాడో ఇద్దరికీ తెలుసు. నా కుడిచెయ్యి ఖాళీగా ఉంది, వేళ్ళు మాత్రం ఇంకా ముడుచుకునే ఉన్నాయి, ఎడమచేత్తో ఒక్కొక్కటీ విప్పుకోవాల్సి వచ్చింది.

ఆవిడ లేచి షాలు కప్పుకుని బస్సు వైపు నడుస్తోంది, పక్కన ఒకామె చెయ్యి పట్టుకుని ఉంది. నేను దారికి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను. చెప్పాల్సింది చాలా ఉంది, ఇందాక అరిచి చెప్పినవన్నీ దగ్గర్నుంచి మెల్లగా చెప్పాలని ఉంది. "అమ్మా, తప్పు నాదేనమ్మా. క్షమించండి," అన్నాను.

ఆగింది. నా మొహం కేసి చూసింది. కోపం లేదు ఆ చూపులో, నేను వెతికాను, ఎక్కడా లేదు. బస్సు దిగేటప్పుడు కండక్టరు కేసి ఎలా చూస్తామో అలా చూసింది. ఆవిడకి తెలుగు మాటలు గుర్తు రాలేదో, నాకివ్వడం ఇష్టం లేదో.

"కోయీ బాత్ నహీఁ, భయ్యా," అంది.

ఏం ఫర్లేదనే బదులు తిట్టి ఉంటే బాగుండేది. చంపేసేవాడివి కదరా అని తెలుగులో ఒక్క మాట అని ఉంటే ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చేవాణ్ణి. నాలుగు లిస్టుల్లో నా నంబరు లేనప్పుడు కూడా ఇంత నొప్పి పుట్టలేదు. పక్కకి జరిగి దారి ఇచ్చాను.

"జీ, మేడం," అన్నాను.